కోర్టుల మీద అవగాహన సెషన్ ఎలా పెట్టాలి: స్కూల్లోనైనా, పొదుపు సంఘంలోనైనా, కాలనీలోనైనా

మా స్కూల్లో పెట్టాలనుకుంటున్నాం ఏం చెప్పమంటారు, మా సంఘం మహిళలకి కోర్టంటే భయం ఎక్కువ ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలి, లాయర్ గారిని పిలిస్తే సరిపోతుందా, ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఒక్కొక్కళ్లకి విడిగా చెప్పేకన్నా ఒకేచోట రాసేస్తే అందరికీ పనికొస్తుంది కదా అని రాస్తున్నా. ఇది మన ఆంధ్ర, తెలంగాణ కోర్టులకి సరిపోయేలా రాసింది.

ముందు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "కోర్టుల్ని నమ్మండి" అని ఎవరికీ చెప్పకండి. ఇరవై ఏళ్లుగా పొలం కేసుకి తిరుగుతున్న మనిషి ముందు నిలబడి అలా చెప్తే, ఆయనకి కోర్టు మీద పోయిన నమ్మకంతోపాటు మీ మీద ఉన్నది కూడా పోతుంది. మీరు చెయ్యాల్సింది ఏంటంటే కోర్టు ఏం చేస్తుందో, ఎందుకు చేస్తుందో, తప్పు చేస్తే ఎక్కడ సరిచేస్తారో వాళ్లంతట వాళ్లు చూసుకోగలిగేలా చెయ్యడం. ఫోన్‌లో తన కేసు తనే చూసుకోగలిగిన మనిషికి నమ్మమని ఎవరూ చెప్పక్కర్లేదు.

కావాల్సినవి

పెద్ద లిస్టేం కాదు. 25 నుంచి 40 మంది, అంతకన్నా ఎక్కువైతే అది మీటింగ్ అయిపోతుంది, నేర్చుకోవడం జరగదు. రెండు గంటల టైమ్, కోర్టు విజిట్ కూడా ఉంటే దానికి వేరే రోజు. నెట్ ఉన్న నాలుగైదు ఫోన్లు, అందులో ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ (కేసుల వివరాలు చూసుకునే కోర్టుల యాప్) వేసి పెట్టుకోండి. తెల్ల కాగితాలు, స్కెచ్ పెన్, అట్టముక్కలు. ఒక ఖాళీ ప్రో నోటు ఫారం, ఎందుకో తర్వాత చెప్తా. చట్టం తెలిసిన మనిషి ఒకరు, లాయరైనా, మీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పంపే పారా లీగల్ వాలంటీరైనా పర్లేదు, కానీ ఆ మనిషి చేత ఉపన్యాసం ఇప్పించకండి, పక్కన కూర్చుని తప్పు దొర్లితే సరిదిద్దేలా పెట్టుకోండి.

స్టేజి, బ్యానర్, శాలువా, జ్యోతి ప్రజ్వలన ఏవీ వద్దు. వాటికే ముప్పావుగంట పోతుంది.

1. ముందుగా ఒక లెటర్ పెట్టండి

జిల్లా కేంద్రంలో అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీకి, కోర్టున్న చిన్న టౌన్ అయితే అక్కడి మండల లీగల్ సర్వీసెస్ కమిటీకి ఒక పేజీ లెటర్ రాయండి. ఎవరి కోసం, ఎంతమంది, ఏ రోజు, కోర్టు చూడటానికి రావాలనుకుంటున్నారా లేదా, ఇవి ఉంటే చాలు. ఈ సంస్థలు 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం కింద పనిచేస్తాయి, జనానికి చట్టం మీద అవగాహన కల్పించడం కూడా వాళ్ల డ్యూటీయే, కాబట్టి మీరేదో ఫేవర్ అడుగుతున్నట్టు ఫీలవ్వక్కర్లేదు. రెండు మూడు వారాల ముందు ఇవ్వండి. మే నెల మాత్రం పెట్టుకోకండి, సివిల్ కోర్టులకి వేసవి సెలవులు ఉంటాయి, వెళ్లినా చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు.

జవాబు రాకపోతే సెషన్ ఆపకండి. కోర్టు విజిట్ ఒక్కటే వాయిదా పడుతుంది, మిగతాదంతా మీ హాల్లో మీరే చేసుకోవచ్చు.

2. మొదటి పది నిమిషాలు వాళ్ల చేత తిట్టించండి

వినడానికి వింతగా ఉంటుంది గానీ ఇది చాలా అవసరం. "కోర్టు అనగానే మీకేం గుర్తొస్తుంది" అని అడిగి వచ్చినవన్నీ బోర్డు మీద రాయండి, దేన్నీ ఖండించొద్దు, సమర్థించొద్దు. వాయిదాల మీద వాయిదాలు, డబ్బున్నోడిదే గెలుపు, లాయర్లు ఇద్దరూ కలిసిపోతారు, కోర్టులో ఓడినోడు అక్కడే ఏడిస్తే గెలిచినోడు ఇంటికొచ్చి ఏడుస్తాడు, ఇవన్నీ వస్తాయి. రానివ్వండి. ఆ లిస్టు చివరిదాకా బోర్డు మీదే ఉండాలి. కొన్ని అపోహలు, కొన్ని నిజాలు, నిజాలైనవాటిని నిజమనే ఒప్పుకోండి. దేశంలో కోట్ల కేసులు పెండింగ్‌లో ఉన్నాయి, అది దాచేస్తే దాగేది కాదు, నేషనల్ జుడీషియల్ డేటా గ్రిడ్ అని ప్రభుత్వ సైట్ ఉంది, అందులో ఏ జిల్లాలో ఎన్ని కేసులు ఎన్నేళ్లుగా ఉన్నాయో ఎవరైనా చూడొచ్చు. మీ జిల్లా పేజీ తెరిచి అక్కడే చూపించండి. వ్యవస్థ తన బాకీ తనే బయటపెట్టుకుందని జనం చూడటం మీరు చెప్పే పది మంచి మాటల కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

జాగ్రత్త: ఇక్కడే ఎవరో ఒకరు సొంత కేసు మొదలుపెడతారు. "అన్నా, మీ కేసు సంగతి చివర్లో విడిగా మాట్లాడదాం" అని మర్యాదగా ఆపండి. అందరి ముందూ కేసు వివరాలు బయటపడితే రేపు అవతలి పార్టీకి తెలుస్తుంది, ఊళ్లో గొడవ అవుతుంది.

3. ఎవరి పని ఏదో విడగొట్టించండి

నా అనుభవంలో కోర్టు మీద ఉన్న కోపంలో చాలా భాగం అసలు కోర్టుది కాదు. పోలీస్ స్టేషన్, తహసీల్దారు ఆఫీసు, లాయరు, కోర్టు అన్నీ కలిపి ఒకే ముద్దగా చూస్తారు. అట్టముక్కల మీద ఒక్కో పని రాయండి: ఎఫ్ఐఆర్ కట్టడం, అరెస్ట్, చార్జిషీట్ వెయ్యడం, రిమాండ్, బెయిల్ ఇవ్వడం, ప్రభుత్వం తరఫున వాదించడం, పాస్‌బుక్‌లో పేరు మార్చడం, సాక్షిని కోర్టుకి తీసుకురావడం, తీర్పు రాయడం. గోడ మీద నాలుగు గళ్లు పెట్టి ఏది ఎవరిదో అతికించమనండి.

తప్పకుండా తడబడే చోట్లు ఇవి:

చార్జిషీట్ లేటయితే అది పోలీసుల దగ్గర లేటు, జడ్జి దగ్గర కాదు. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ప్రభుత్వం మనిషి, కోర్టు మనిషి కాదు. అరెస్ట్ చేసినవాణ్ని 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ ఆర్టికల్‌లోనే ఉంది (ప్రయాణం టైమ్ తీసేసి), ఆ పెట్టించడం పోలీసుల బాధ్యత, పెట్టాక మనిషిని చూసి, దెబ్బలేమైనా తగిలాయా అని అడిగి, రిమాండ్ ఇవ్వాలా వద్దా తేల్చడం మేజిస్ట్రేట్ బాధ్యత. ఇక "ఆర్డీవో కోర్టు" అనేది మనవాళ్లకి పెద్ద కన్ఫ్యూజన్, పేరులో కోర్టుంది గానీ అది రెవెన్యూ శాఖ, అక్కడ ఓడిపోయి "కోర్టులో అన్యాయం జరిగింది" అనుకుని సివిల్ కోర్టు గుమ్మం తొక్కడమే మానేసినవాళ్లు ఉన్నారు.

బెయిల్ గురించి ఒక అయిదు నిమిషాలు ప్రత్యేకంగా ఆగండి. బెయిల్ వచ్చిందంటే కేసు కొట్టేసినట్టు కాదు, విచారణ జరుగుతూనే ఉంటుంది, మనిషి బయట ఉండి వాయిదాలకి వస్తాడు, అంతే. "నిన్న అరెస్ట్ చేశారు ఇవాళ వదిలేశారు, డబ్బులు పనిచేశాయి" అనే మాట ఇక్కడ్నుంచే పుడుతుంది. చిన్న నేరాల్లో అసలు అరెస్టే చెయ్యకుండా నోటీసు ఇస్తారు, మనవాళ్లకి 41ఏ నోటీసుగా తెలిసింది, 2024 జులై 1 నుంచి కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చింది) అది 35(3) సెక్షన్ కిందకి వచ్చింది.

4. ఒక కేసు ఫోన్‌లో తెరిచి లైను లైనూ చదవండి

ఈ స్టెప్ ఎవరూ చెయ్యరు, కానీ నాకు ఇదే ముఖ్యం. దేశంలో ప్రతి కేసుకీ సీఎన్ఆర్ నంబర్ అని 16 అక్షరాలు-అంకెల నంబర్ ఒకటి ఉంటుంది. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రం, తర్వాత రెండు జిల్లా, తర్వాత రెండంకెలు ఏ కోర్టు కాంప్లెక్సో, ఆ తర్వాత ఆరంకెల వరుస నంబర్, చివరి నాలుగూ సంవత్సరం. యాప్‌లో ఇది కొడితే కేసు మొత్తం తెరుచుకుంటుంది. సీఎన్ఆర్ తెలియకపోతే పార్టీ పేరుతో, కేసు నంబర్‌తో, లాయర్ పేరుతో కూడా వెతకొచ్చు.

ముందే ఒక పాత, తేలిపోయిన సివిల్ కేసు ఎంచుకుని పెట్టుకోండి. మీ ఊరిది, మీ మండలంది వద్దు, అక్కడున్నవాళ్లకి తెలిసిన పేర్లు ఉంటే పాఠం పక్కకి పోయి పంచాయితీ మొదలవుతుంది.

తెరిచాక కింద కేసు హిస్టరీ అని వాయిదాల వరుస కనిపిస్తుంది, ప్రతి తేదీ ఎదురుగా ఆ రోజు దేనికోసం పెట్టారో ఉంటుంది. ఒక్కొక్కటి గట్టిగా చదివించండి. "ఫర్ సమన్స్" అని మూడు నాలుగు తేదీలు వరుసగా ఉంటే అవతలి మనిషికి ఇంకా సమన్లు అందలేదని, అడ్రస్ తప్పో, తప్పించుకుంటున్నాడో. "ఫర్ రిటెన్ స్టేట్‌మెంట్" అంటే ప్రతివాది జవాబు దాఖలు చెయ్యాలి, దానికి చట్టం మామూలుగా 30 రోజులు, కారణం చూపిస్తే 90 రోజుల దాకా ఇస్తుంది. ఆ తర్వాత వాది సాక్ష్యం, ప్రతివాది సాక్ష్యం, వాదనలు, తీర్పు. ఇప్పుడు అడగండి: ఈ కేసులో ఎక్కువ కాలం ఎక్కడ ఆగింది? ఎవరివల్ల ఆగింది? జనం వేళ్లమీద లెక్కపెట్టి చెప్తారు, సమన్ల దగ్గర ఏడాది పోయింది, సాక్షి రాక ఇన్ని వాయిదాలు పోయాయి, జడ్జి పోస్టు ఖాళీగా ఉండి ఇన్ని పోయాయి అని. అప్పటిదాకా "కోర్టు సాగదీస్తుంది" అన్న మనిషి ఇప్పుడు ఎక్కడ సాగిందో వేలు పెట్టి చూపిస్తాడు. కొన్నిచోట్ల తప్పు నిజంగా కోర్టు వైపే కనిపిస్తుంది, అదీ అలాగే వదిలెయ్యండి, సర్దిచెప్పకండి.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఒక పార్టీకి విచారణ టైమ్‌లో మూడుకి మించి వాయిదాలు ఇవ్వకూడదని రూలుంది, అది కూడా చెప్పండి. ఆచరణలో అంతకన్నా ఎక్కువ ఇస్తున్నారు, అదీ చెప్పండి. రూలు తెలిసిన పార్టీ తన లాయర్‌ని "అవతలివాళ్లు మళ్లీ టైమ్ అడిగితే మనం అభ్యంతరం చెప్పామా" అని అడగగలుగుతుంది.

నెట్ లేకపోతే ముందురోజే స్క్రీన్‌షాట్లు తీసి, పార్టీల పేర్లు కొట్టేసి, ప్రింట్ తీసుకుని పంచండి. ఇంకో సంగతి, మైనర్ల కేసులు, లైంగిక నేరాల కేసులు పొరపాటున కూడా తెరవకండి, బాధితుల పేరు బయటపెట్టడం నేరం.

5. ప్రో నోటు కేసు ఆడించండి

మాక్ కోర్టు అనగానే అందరూ హత్య కేసు పెట్టేస్తారు, నల్లకోట్లు వేసుకుని డైలాగులు కొడతారు, చప్పట్లు పడతాయి, ఎవరికీ ఏమీ తెలియదు. ప్రో నోటు పెట్టండి. ప్రతి ఇంట్లో తెలిసిన కాగితం అది.

కథ ఇలా ఇవ్వండి. రంగయ్య దగ్గర సుబ్బారావు 2 లక్షలు తీసుకున్నట్టు 2012 జూన్ 10 తేదీతో నోటు ఉంది. నోటు వెనకాల 2015 మే 2న 5 వేలు చెల్లు వేసినట్టు రాసి సుబ్బారావు సంతకం ఉంది. రంగయ్య 2017 ఆగస్టులో దావా వేశాడు. సుబ్బారావు ఏమంటాడంటే, ముందువైపు సంతకం నాదే, చీటీ కోసం ఖాళీ నోటు మీద పెట్టిచ్చా, డబ్బు తీసుకోలేదు, వెనకాల సంతకం అసలు నాది కాదు. నోటు మీద ఒక సాక్షి సంతకం ఉంది, రాసిన మనిషీ ఉన్నాడు. క్రాస్‌లో, అంటే అవతలి లాయర్ ప్రశ్నలు అడిగినప్పుడు, సాక్షి "ముందువైపు నేను చూస్తుండగానే పెట్టాడు, వెనకాలది నాకు తెలీదు" అంటాడు. చెల్లు వేసినప్పుడు ఇంకెవరూ లేరు.

ఆ ఖాళీ ఫారం మీద ఇవన్నీ నింపి చేతిలో పెట్టండి, కాగితం చేతిలో ఉంటే మనుషులు వేరేలా ఆలోచిస్తారు. అయిదుగురు పాత్రలు వెయ్యాలి, మిగతా అందరూ జడ్జీలే.

చట్టం రెండు ముక్కల్లో చెప్పండి. ఒకటి, నోటు మీద సంతకం ఒప్పుకుంటే డబ్బు ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది, ముట్టలేదని చూపించాల్సింది సంతకం పెట్టినవాడే. రెండు, నోటు తేదీ నుంచి మూడేళ్లలో దావా వెయ్యాలి, ఆ మూడేళ్లలోపు కొంత కట్టి, కట్టినట్టు సంతకం పెడితే అక్కడ్నుంచి మళ్లీ మూడేళ్లు.

ఇప్పుడు ప్రతి ఒక్కరూ ఎవరితో మాట్లాడకుండా కాగితం మీద తీర్పు, దాని కింద కారణం నాలుగు లైన్లలో రాయాలి. కారణం రాయనివాళ్ల తీర్పు లెక్కలోకి తీసుకోకండి, ఇది గట్టిగా పెట్టండి.

హాలు రెండుగా చీలుతుంది. అప్పు ఇచ్చింది నిజమే కదా, కట్టాల్సిందే అని కొందరు. అప్పు నిజమే కావచ్చు గానీ వెనకాల సంతకం రుజువు కాకపోతే మూడేళ్లు 2015 జూన్‌తో అయిపోయాయి, దావా నిలబడదు అని కొందరు. ఇక్కడ మీరు తొందరపడి కరెక్ట్ ఆన్సర్ చెప్పకండి. రుజువు భారం ఎవరి మీదుందో వాళ్లనే వాదించుకోనివ్వండి, ఆ తర్వాత లాయర్ గారు చెప్తారు: చెల్లు మీద ఆధారపడి దావా వేసింది రంగయ్య, కాబట్టి ఆ సంతకం రుజువు చెయ్యాల్సింది రంగయ్యే, సంతకాన్ని నిపుణులకి పంపమని అడగొచ్చు, ఒప్పుకున్న వేరే సంతకాలతో పోల్చమని అడగొచ్చు, అడగకపోతే ఓడిపోవచ్చు. "అప్పు నిజం, దావా కొట్టేశారు" అనే తీర్పు ఎలా వస్తుందో, అది లంచం తీసుకోకుండా కూడా ఎలా వస్తుందో మొదటిసారి అర్థమవుతుంది. బోర్డు మీద ఆ తిట్ల లిస్టు ఉంది కదా, అటు చూసేవాళ్లు ఇక్కడే కనిపిస్తారు.

తర్వాత ముగ్గురిని అప్పీలు కోర్టుగా కూర్చోబెట్టండి. వాళ్లకి ఇందాక అందరూ రాసిన తీర్పు కాగితాల్లోంచి రెండు ఇవ్వండి, ఒకటి కారణాలు బాగున్నది, ఒకటి కారణాలు బలహీనంగా ఉన్నది. ఏది నిలబడుతుంది, ఏది కొట్టేస్తారు అని అడగండి. అప్పీలు ఉండేది కింద జడ్జి దొంగ అని కాదు, ఒక మనిషి ఆలోచన ఇంకో మనిషి తూచి చూడ్డానికి అన్న సంగతి మీరు చెప్పక్కర్లేదు, వాళ్ల చేతిలో కాగితమే చెప్తుంది.

పిల్లలతో అయితే ప్రో నోటు బదులు క్లాసులో పోయిన ఫోన్ కథ పెట్టుకోండి, కానీ కారణం రాయాలనే రూలు మాత్రం వదలకండి.

6. వాళ్లకి దక్కాల్సినవి చెప్పండి, ఆచితూచి చెప్పండి

ఉచిత న్యాయ సహాయం మీద సగం సగం సమాచారం చాలా తిరుగుతోంది. పక్కాగా ఇది: ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, కస్టడీలో ఉన్నవాళ్లకి, పారిశ్రామిక కార్మికులకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంది, ఎంతో మీ జిల్లా సంస్థలో అడిగి ఆ రోజుకి ఉన్న అంకె చెప్పండి, పాత పాంప్లెట్ చూసి చెప్పకండి. ఫోన్ నంబర్ 15100, ఇది అందరి ఫోన్లలో అక్కడే సేవ్ చేయించండి.

లోక్ అదాలత్ గురించి చెప్పేటప్పుడు చాలామంది ఉత్సాహంలో ఎక్కువ చెప్పేస్తారు. రాజీ అయితే అక్కడిచ్చే అవార్డు (రాజీ ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, కేసు అక్కడితో ముగుస్తుంది, ఇదంతా నిజం. దానిమీద అప్పీలు ఉండదు, ఇదీ నిజం, ఇది చెప్పకుండా వదిలేస్తే రేపు వాళ్లు మోసపోయామంటారు. ఇష్టం లేకపోతే రాజీ పడక్కర్లేదు, కేసు మామూలు కోర్టులో నడుస్తుంది. రాజీకి వీల్లేని నేరాలు అక్కడికి రావు.

"డిజిటల్ అరెస్ట్" గురించి కూడా రెండు నిమిషాలు కేటాయించండి. వీడియో కాల్‌లో జడ్జి వేషంలో కూర్చుని డబ్బు పంపమంటారు. అలాంటి అరెస్ట్ చట్టంలోనే లేదు, ఏ కోర్టూ కాల్‌లో డబ్బు అడగదు. అలాంటి కాల్ వస్తే కట్ చేసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చెయ్యమనండి.

ఫిర్యాదు దారులు కూడా చెప్పాలి, దీన్ని చాలామంది భయపడి వదిలేస్తారు. లాయర్ మోసం చేస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్, కోర్టు స్టాఫ్ డబ్బు అడిగితే ప్రిన్సిపల్ డిస్ట్రిక్ట్ జడ్జి, కింది కోర్టు జడ్జి మీదే ఫిర్యాదైతే హైకోర్టు. తీర్పు నచ్చకపోతే మాత్రం దారి అప్పీలే, ఫిర్యాదు కాదు, ఈ తేడా రెండుసార్లు చెప్పండి.

7. కోర్టు హాల్లో ఒక పూట కూర్చోబెట్టండి

మన కోర్టులు ఓపెన్ కోర్టులు, మామూలు విచారణ ఎవరైనా వెనకాల నిలబడి చూడొచ్చు, కొత్త బీఎన్ఎస్ఎస్‌లో 366వ సెక్షన్, పాత కోడ్‌లో 327 ఇదే చెప్పాయి. అత్యాచారం కేసులు, పోక్సో కేసులు (పిల్లల మీద లైంగిక నేరాలవి), ఫ్యామిలీ కోర్టులో కొన్ని మాత్రం లోపల జరుగుతాయి, అటు వెళ్లకండి. గుంపుగా వెళ్తున్నారు కాబట్టి పర్మిషన్ ముందే ఉండాలి, ఒక హాల్లోకి పది పన్నెండు మందికి మించి పోకండి.

పదిన్నరకల్లా కూర్చుని ఉండాలి. మొదటి గంట కాల్ వర్క్, అటెండర్ బయటకొచ్చి పేరు మూడుసార్లు పిలుస్తాడు, వచ్చినవాళ్లు వస్తారు, రానివాళ్లకి వాయిదానో వారంటో, నిమిషానికో కేసు వెళ్లిపోతుంది. చూసేవాళ్లకి "ఇదేంటి, ఏమీ వినకుండానే పంపేస్తున్నారు" అనిపిస్తుంది. అలా వదిలేసి పదకొండుకి ఇంటికి తీసుకొచ్చారంటే మీ సెషన్ మొత్తం బూడిదపాలే. సాక్షిని బోనెక్కించేదాకా ఉంచండి. ప్రమాణం, చీఫ్ (సొంత వైపు లాయర్ అడిగేది), క్రాస్, సాక్షి చెప్పింది టైప్ చేసి మళ్లీ చదివి వినిపించి సంతకం పెట్టించడం, ఇదంతా కనీసం ఒక్క సాక్షిది చూడాలి.

వెళ్లేముందు సినిమా సంగతులు దులిపెయ్యండి: సుత్తి ఉండదు, గీత మీద చెయ్యి పెట్టించరు, 1969 ఓత్స్ చట్టం ప్రకారం దేవుడి మీదైనా ఆత్మసాక్షి మీదైనా ప్రమాణం చెయ్యొచ్చు, జ్యూరీ లేదు. ఫోన్లు ఆఫ్, రికార్డింగ్ అస్సలు వద్దు.

పర్మిషన్ దొరక్కపోతే, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాల విచారణ 2022 సెప్టెంబర్ 27 నుంచి లైవ్‌లో ఇస్తున్నారు, అరగంట పెట్టి చూపించండి. కాకపోతే అంతా ఇంగ్లీషు, మనవాళ్లకి ఎక్కదు, ఎవరో ఒకరు పక్కన తెలుగులో చెప్తూ ఉండాలి. భాష మాట వచ్చింది కాబట్టి, 2023లో తెలంగాణ హైకోర్టు ఒక భూమి కేసులో తెలుగులోనే తీర్పు ఇచ్చింది, సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగు అనువాదంలో ఈ-ఎస్‌సీఆర్ సైట్‌లో ఉంటాయి, ఒక పేజీ ప్రింట్ తీసి చదివించండి, ఇంగ్లీషు రానంత మాత్రాన తీర్పు మనది కాకుండా పోదని తెలియాలి.

ఎక్కువగా జరిగే తప్పులు

లాయర్ గారికి మైకు ఇచ్చేసి పక్కకి వెళ్లిపోవడం. సెక్షన్ నంబర్లు వర్షంలా కురుస్తాయి, జనం తలూపి ఇంటికెళ్తారు.

నడుస్తున్న కేసు, అందులోనూ రాజకీయ నాయకుడి కేసు ఉదాహరణగా తియ్యడం. హాలు పార్టీలుగా చీలిపోతుంది, ఇక మీరేం చెప్పినా ఒక వైపు మనిషి చెప్పినట్టే ఉంటుంది.

కోర్టుని విమర్శిస్తే జైలే అని భయపెట్టడం. 1971 కోర్టు ధిక్కారణ చట్టం 5వ సెక్షన్‌లోనే ఉంది, తేలిపోయిన కేసు మీద న్యాయమైన విమర్శ ధిక్కారం కాదని. తీర్పు తప్పని కారణాలతో చెప్పొచ్చు, జడ్జి అమ్ముడుపోయాడని ఆధారం లేకుండా రాయకూడదు, గీత అక్కడుంది.

సలహాలు ఇచ్చేయడం. "మీ కేసు గెలుస్తారు" అని ఒక్కమాట నోరుజారినా రేపు ఓడితే మీ పేరే చెప్తారు. పేపర్లు పట్టుకుని జిల్లా సంస్థ ఆఫీసుకి వెళ్లమనండి, అంతే.

కులం. ఇది సున్నితమైనది కాబట్టి చాలామంది ముట్టుకోరు. కానీ ఊళ్లో పంచాయితీ పెద్దలు తీర్చే తగువులకీ కోర్టుకీ తేడా అడిగేది ఎక్కువగా బలహీన వర్గాల మహిళలే, వాళ్లు అందరి ముందూ అడగరు. ప్రశ్నలు చీటీల మీద పేరు లేకుండా తీసుకోండి, రాయడం రానివాళ్ల కోసం ఒక మహిళా వాలంటీర్‌ని విడిగా కూర్చోబెట్టండి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

"మీకు ఇప్పుడు కోర్టు మీద నమ్మకం పెరిగిందా, చేతులెత్తండి" అంటే అందరూ ఎత్తుతారు, మీ మొహమాటానికి. అది లెక్క కాదు.

మొదలుపెట్టే ముందు అయిదు ప్రశ్నలు, అయిపోయాక అవే అయిదు, నెల తర్వాత మళ్లీ అవే ఫోన్‌లో. బెయిలొస్తే కేసు పోయినట్టేనా? చార్జిషీట్ ఎవరు వేస్తారు? లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలుందా? తీర్పు తప్పనిపిస్తే ఎక్కడికెళ్లాలి, స్టాఫ్ డబ్బడిగితే ఎక్కడికెళ్లాలి? ఉచిత లాయర్ నంబర్ ఎంత? నెల తర్వాత వచ్చే జవాబులే అసలు జవాబులు.

ఇంకో పరీక్ష, హాల్లో నుంచి ఎవరో ఒకరిని, వీలైతే అందరికన్నా మౌనంగా ఉన్న మనిషిని పిలిచి ఫోన్ చేతికిచ్చి ఒక సీఎన్ఆర్ ఇచ్చి ఆ కేసు ఆఖరి వాయిదా ఎప్పుడో చెప్పమనండి. చెప్పగలిగితే నాలుగో స్టెప్ పనిచేసింది. లేదంటే మీరు వేగంగా వెళ్లారు, ఇంకోసారి చెయ్యండి.

కొంతమందికి సెషన్ అయ్యాక కోర్టు మీద కోపం పెరుగుతుంది కూడా, ఇన్ని ఖాళీలున్నాయా, మా జిల్లాలో ఇన్నేళ్ల కేసులున్నాయా అని. దాన్ని ఫెయిల్యూర్ కింద రాసుకోకండి. ముందు "అంతా అమ్ముడుపోయారు" అన్న మనిషి ఇప్పుడు "మా కోర్టులో జడ్జి పోస్టు ఎందుకు ఖాళీగా ఉంది" అని అడుగుతున్నాడంటే పని జరిగినట్టే. ఆ ప్రశ్నని కాగితం మీద పెట్టించండి, కోర్టుల పరిపాలన విషయాలకి 2005 సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది, హైకోర్టుకో జిల్లా కోర్టుకో దరఖాస్తు పెట్టొచ్చు.

మీకు జవాబు తెలియని ప్రశ్నలు పది పైనే వస్తాయి. వాటిని అక్కడికక్కడ ఊహించి చెప్పకుండా ఒక పేజీ మీద రాసుకుని, సెక్రటరీ దగ్గరో లాయర్ దగ్గరో కనుక్కుని వారంలోపు సెషన్‌కి వచ్చినవాళ్ల వాట్సాప్ గ్రూపులో జవాబులు పెట్టండి, ప్రతి ప్రశ్నకీ ఒక్కో వాయిస్ మెసేజ్ అయితే చదవడం రానివాళ్లకి కూడా అందుతుంది.